మడమ మీద తెల్ల మచ్చ

"నడవొద్దు" అన్న ఒక్క మాటకు ఆ ఇల్లు మూడు రోజులుగా అరుణతో మాట్లాడటం మానేసింది.

ఆదివారం పొద్దున మేడారం నడిచిపోయేవాళ్ళంతా వాళ్ళ బెల్లం దుకాణం ముందు చేరారు. పెద్దమనిషి రాయమల్లు కొబ్బరికాయ చేతబట్టి, ఈసారి అందరికన్నా ముందు, అమ్మవారు పూనే కట్టమ్మక్క నడుస్తుందని చెప్పాడు. తలుపు వెనుక నిలబడ్డ కోడలు అరుణ నోటి నుంచి ఆ మాట అప్పుడే జారింది. ఎందుకు నడవొద్దో మాత్రం ఆమె చెప్పలేదు. మొక్కు చెల్లించబోయే మనిషిని గడప దగ్గర ఆపడం కన్నా పెద్ద అపశకునం ఆ బజారులో లేదు. రాయమల్లు కాయ కొట్టకుండానే చేయి దించాడు. కట్టమ్మ కొడుకు సారంగపాణి తన భార్య వంక చూడకుండా తూకపు కాంటా గొలుసులు సర్దుతూ ఉండిపోయాడు.

అత్త కట్టమ్మ ఒక్కతే వెనక్కి తిరిగి చూసి నవ్వింది. అరుణను భయపెట్టింది ఆ నవ్వే.

అప్పటి నుంచి ఇంట్లో మాటలన్నీ అరుణ పక్క నుంచి పోతున్నాయి. సారంగపాణికి మంచినీళ్ళు కావాలంటే గోడకు చెప్పినట్టు చెప్తాడు. పొద్దున్నే కట్టమ్మ కాళ్ళకు పసుపు పెట్టడానికి వచ్చే ఆడవాళ్ళు అరుణను చూడగానే గొంతు తగ్గిస్తారు. పక్కింటి మొగిలమ్మ అయితే, కొందరికి ఇంట్ల దేవత ఉన్నా కండ్లకు ఆనదని పసుపు గిన్నెతో అన్నట్టుగా అనిపోయింది.

మనుషులు మాట్లాడటం మానేస్తే ఇల్లు వినిపిస్తుంది. ఆరేళ్ళ కిందట కాపురానికి వచ్చిన నాటి నుంచి అరుణకు ఈ ఇల్లు కళ్ళకన్నా ముందు చెవులకే తెలుసు. అత్త అడుగు ఒకటి నిండుగా పడేది, రెండోది ఈడ్చుకుంటూ వచ్చేది. ఆ ఈడ్పు వినబడగానే అరుణ కొంగు సర్దుకునేది, పొంగబోయే పాలు దించేది. కట్టమ్మ ఎడమ మడమ నొప్పి ఆ ఇంటికి గడియారం లాంటిది. పుష్యమాసం నుంచి ఆ చప్పుడు ఆగిపోయింది. ఇప్పుడు కట్టమ్మ వచ్చేది తెలియదు. వెనక్కి తిరిగేసరికి ఉంటుంది.

చిత్రమేమంటే ఈడ్పు చప్పుడు ఇంట్లోంచి పూర్తిగా పోలేదు. నిన్న మిట్టమధ్యాహ్నం అరుణ దాన్ని స్పష్టంగా విన్నది. నడవాలో ఒక అడుగు, ఒక ఈడ్పు. పోయి గదిలోకి తొంగి చూసింది. కట్టమ్మ గోడవైపు తిరిగి నిద్రపోతోంది. నడవాలో ఇంకెవరూ లేరు, తాను తప్ప.

*

బుధవారం మధ్యాహ్నం సారంగపాణి అన్నం తిని చేయి కడుక్కున్నాక దుకాణానికి పోలేదు. తలుపు దగ్గరికి వేసి, బియ్యం బస్తా మీద కూర్చున్నాడు.

"ఎందుకన్నవ్ ఆ మాట?"

మూడు రోజుల తర్వాత మొదటి మాట. అరుణ గిన్నెలు కడగడం ఆపలేదు. ఆపితే ఏడుపు వస్తుందని తెలుసు.

"తన నెత్తిల నా చెయ్యి పెట్టిచ్చుకొని ఒట్టు తీసుకున్నది అత్తమ్మ. చెప్పొద్దని."

"నాకు గూడనా?"

"మీకే చెప్పొద్దని."

అయినా చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, ఎవరో పక్కగదిలో కూర్చుని చెప్తున్నట్టు.

దసరా తర్వాత అత్తాకోడళ్ళు భద్రకాళి గుడికి పోయి వస్తామని నాలుగుసార్లు బయలుదేరారు. నాలుగుసార్లూ గుడికి పోలేదు. మొదటి మూడుసార్లు హన్మకొండలో కిషన్ రావు డాక్టరు దగ్గరికి. ఆయన కట్టమ్మను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మడమ వెనుక వేలితో నొక్కి చూసి, స్టీరాయిడ్ సూది వేశాడు. ఆ రాత్రి కాలు ఇంకా సలిపింది. నాలుగో రోజుకల్లా నొప్పి లేదు. నెల తిరగకముందే మళ్ళీ వచ్చింది. మళ్ళీ సూది, మళ్ళీ హాయి. ఈసారి హాయి ఇరవై రోజులు నిలిచింది. మూడోసారి డాక్టరు సూది తీయలేదు.

ఆయన చెప్పిన మాటలు అరుణ ఒక్కటీ మరచిపోలేదు. నొప్పి పోయిందంటే కాలు బాగైనట్టు కాదు, కాలు నోరు మూసినట్టు అన్నాడు. మడమ వెనుక మోకులాంటి నరం ఒకటుంటుంది, మనిషి బరువంతా దాని మీదే లేస్తుంది, ఈ మందు ఎక్కువైతే అది నానిన మోకులాగా లోలోపల చీకిపోతుంది అన్నాడు. నాలుగు నెలలు నడక తగ్గించాలి, ఒట్టి కాళ్ళతో అసలే తిరగొద్దు అన్నాడు. సూది పడ్డచోట తోలు తెల్లబడినా బెదరొద్దని కూడా అన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాడు. కాజీపేట స్టేషన్లో ఒక కూలి ఉండేవాడట. ఇట్లాగే నాలుగైదు సూదులు ఎక్కడెక్కడో వేయించుకున్నాడు. ఒకరోజు నెత్తిన పెట్టెతో బండి ఎక్కబోతూ ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి, నన్ను తన్నిందెవడని అరిచాడట. వెనుక ప్లాట్‌ఫారం ఖాళీ. నరం తెగినప్పుడు అట్లాగే ఉంటుంది, దెబ్బ లోపల తగులుతుంది, మనిషి మాత్రం వెనక్కి చూస్తాడు అని డాక్టరు నవ్వాడు. దవాఖానలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న రోగులు కూడా నవ్వారు. అరుణ నవ్వలేకపోయింది. ఆ ఖాళీ ప్లాట్‌ఫారమే ఆమెకు కనిపించింది.

"మరి నొప్పెట్ల పోయింది? మూడోది ఎవ్వలేసిండ్రు?" అన్నాడు సారంగపాణి.

అరుణ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

డాక్టరు కాదన్నాక కట్టమ్మ ఇంటికొచ్చి మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఒక్క మాట అనలేదు, తిట్టలేదు. కంచం ముందు కూర్చుని కోడలి ముఖంలోకి చూసేది, అంతే. నాలుగో రోజు అరుణే చెప్పులేసుకుని, పోదాం పదండత్తమ్మా అంది. మట్టెవాడ సందులో యాకయ్య అని ఒక కంపౌండరు ఉన్నాడు. పాత చీటీ చూసి అదే మందు తెచ్చాడు. సూది లోపలికి దిగింది గానీ మందు ఎక్కలేదు. అతను బొటనవేలితో బలంగా నొక్కాడు. నుదుట చెమట పట్టింది. "కాలు గట్టిగ పట్టుకో చెల్లె" అన్నాడు. అరుణ రెండు చేతులతో ఆ పాదాన్ని అదిమి పట్టుకుంది.

"నేనే పట్టుకున్న," అంది భర్తతో. "నా చేతులల్ల ఆ నరం గజగజ వణికింది. తర్వాత ఊకున్నది."

సారంగపాణి బస్తా మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఏడేళ్ళ వయసులో అతనికి తట్టు పోస్తే, ఈ తల్లే భుజాన వేసుకుని మేడారం నడిచింది. ఆ నడకలోనే తను బతికానని అతని నమ్మకం. అతని ఒళ్ళంతా ఆ నమ్మకంతోనే పెరిగింది. దాన్ని ఇప్పుడు ఎక్కడ పట్టుకుని పీకమంటారు?

"చీటీ ఏది?" అన్నాడు చివరికి.

అరుణ తన పెట్టె తెరిచింది. చీరల అడుగున, పరిచిన పేపరు కింద, డాక్టరు చీటీ ఉండాలి. పేపరు ఎత్తింది. చీటీ లేదు. అది పెట్టిన చోట ఒక పసుపు కొమ్ము ఉంది.

ఆ పెట్టె తాళం అరుణ మెడలో పుస్తెల పక్కనే ఉంటుంది. స్నానానికి పోయినా తీయదు.

సారంగపాణి వంగి ఆ కొమ్ము తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత రెండు కళ్ళకూ అద్దుకున్నాడు.

"మల్ల ఈ మాట ఎవ్వలతోని అనకు," అని తలుపు తీసి దుకాణంలోకి పోయాడు.

*

సాయంత్రం కట్టమ్మ పిలిచింది. వాకిట్లో పీట మీద కూర్చుని, ఎడమ కాలు చాపి ఉంది. పక్కన పసుపు గిన్నె.

"ఇయ్యాల నువ్వు పెట్టు బిడ్డా. అందరు పెడ్తాండ్రు. నువ్వొక్కదానివే పెడ్తలెవ్."

మడమ వెనుక, కాస్త పైన, రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ. నెల కిందట అది కందిబద్దంత ఉండేది. మొదట చూసింది మొగిలమ్మ. అమ్మవారు వేలు పెట్టి నొప్పి తీసిన చోటని ఆమే అంది, బజారంతా అదే అంది. రెండేళ్ళుగా అటువైపు రాని వాళ్ళంతా మళ్ళీ గడప తొక్కారు. మచ్చకు పసుపు పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, పిల్లల తలలు తెచ్చి ఆ మడమకు ఆనించారు.

ఆ మచ్చ ఎక్కడుందో అరుణ కళ్ళు మూసుకుని కూడా చెప్పగలదు. యాకయ్య సూది గుచ్చుతున్నప్పుడు తన బొటనవేలు సరిగ్గా దానికి అంగుళం దూరంలో ఉంది.

ఆమె వంగి పసుపు తీసుకుంది. బెల్లం ఇల్లు కావడంతో ఎర్రచీమలు ఎప్పుడూ గోడవెంట బారులు కట్టి పోతుంటాయి. ఇప్పుడు ఒక బారు కట్టమ్మ పాదం మీదుగా పోతోంది. వేళ్ళ మీంచి ఎక్కి, చీలమండ చుట్టి, మచ్చ దాకా వచ్చి, దాన్ని తొక్కకుండా పక్కకు తిరిగి దిగిపోతోంది. కట్టమ్మ కదలలేదు. ఆమెకు తెలియడం లేదో, తెలిసీ కదలడం లేదో.

అరుణ చీమలు దులిపింది. లోపల దాచుకున్నది ఇక ఆగలేదు.

"అత్తమ్మా, బస్సుల పోదాం. జాతర బస్సులు మస్తు ఏసిండ్రు. పస్రా కాడ దిగి అక్కడికెల్లి నడుద్దురు. డాక్టరు సూది ఎయ్యనన్న నాడు ఏమన్నడో మీరు గూడ విన్నరు."

"ఏ సూది బిడ్డా?"

కట్టమ్మ గొంతులో కోపం లేదు, అబద్ధం కూడా లేదు. తప్పిపోయిన పిల్లను ఊరి పేరు అడిగినట్టు అడిగింది. అరుణకు అర్థమైంది. ఈమె దాచడం లేదు. ఈమెకు నిజంగానే గుర్తు లేదు. అట్లయితే ఆ గది, ఆ బల్ల, యాకయ్య నుదుటి చెమట ఇప్పుడు తన ఒక్కదాని తలలోనే ఉన్నాయా? ఒక్కరి తలలో మాత్రమే ఉన్నదాన్ని లోకం ఏమంటుంది?

"మూడు సూదులు అత్తమ్మా. నేను పక్కన్నే ఉన్న."

కట్టమ్మ కోడలి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. ఆ చేతికి పసుపు వాసన, కింద బెల్లం వాసన.

"పోయిన జాతరకు నేను ఇంట్లనే కూసున్న, యాదున్నదా? నొప్పి కాలు నేల పెట్టనియ్యలె. నా తల్లి నా మీదికి రాలె. రెండేండ్లు ఎవ్వలన్న వచ్చిండ్రా ఈ గడపకు? నొప్పులున్న ముసల్దాన్ని ఎవ్వలేమడుగుతరు, నూనె రాసుకోమంటరు. గట్ల సచ్చేదాన్ని. గిప్పుడు సూడు."

ఆమె మచ్చ వంక చూసుకుంది. పసిపిల్లను చూసుకునే చూపు అది. మళ్ళీ అంది.

"సూది ఎక్కిందే అనుకో. నొప్పి ఏడికి పోయింది మరి? ఇరువై ఏండ్ల నొప్పి. అంత పెద్దది బయటికి పోతే ఎవ్వలకన్న కనపడకపోవునా?"

అరుణ వేళ్ళకున్న పసుపు కొంగుకు తుడుచుకుంది. పసుపు గిన్నె తీసుకుని లేచి లోపలికి నడిచింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, వెనుక నుంచి కట్టమ్మ మెల్లగా అడిగింది.

"ఎన్ని దినాలాయె, ఎడమ కాలు ఈడ్వబట్టి?"

అరుణ ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు తెలిసింది ఆమెకు, మడమ వెనుక సన్నటి సలుపు ఉందని. ఈ రోజు మొదలైంది కాదని. నడవాలో తను విన్నది తన అడుగేనని.

*

ఆ రాత్రి అరుణ ఒకటి నిశ్చయించుకుంది. గురువారం పొద్దున అత్తకు నిలువెత్తు బంగారం తూస్తారు. మొక్కుకున్న మనిషి బరువుకు సరితూగేంత బెల్లాన్ని అమ్మవార్లకు బంగారంగా ఇవ్వడం రివాజు. వాళ్ళది బెల్లం దుకాణం కాబట్టి ఇంటి కాంటా మీదే తూకం. శుక్రవారం తెల్లవారి నడక. తూకం అయిన తర్వాత, అందరి ముందు, మూడు సూదుల సంగతి చెప్పేయాలి. అత్త ముఖం వాడిపోతుంది. ఆ గడపకు మళ్ళీ ఎవరూ రారు. కానీ కాలు నిలుస్తుంది. అరవై మైళ్ళ అడవి దారిలో ఎక్కడో ఒక రాయి మీద ఆ నరం తెగే బదులు, బజారు ముందు ఒక మాట తెగడం మేలు.

చెప్పాల్సిన మాటను ఆమె మనసులో ఎన్నిసార్లు అనుకుందంటే, పొద్దునకల్లా అది అర్థం పోయి ఉత్త చప్పుడుగా మిగిలింది.

దుకాణం ముందు జనం నిండారు. దూలానికి వేలాడే పెద్ద కాంటాకు పసుపు రాశారు. ఒకవైపు చెక్క పలక మీద కట్టమ్మ ఎర్ర చీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుంది. పలక మోకాలెత్తున ఊగుతోంది. రాయమల్లు రెండో పలక మీద బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పేరుస్తూ, అక్కా, జర శ్వాస బిగబట్టకు, తూకం తప్పుతదని నవ్వించాడు. ఈగలు ముసురుతున్నాయి.

అప్పుడు సారంగపాణి భార్య వైపు తిరిగాడు. అందరూ వింటుండగా మామూలు గొంతుతో అన్నాడు.

"అరుణా, వెనుక నిలవడు. పలక ఊగకుంట గొలుసు పట్టుకో."

క్షమించినట్టే. మొగిలమ్మ పక్కకు జరిగి దారి కూడా ఇచ్చింది. అరుణ వచ్చి అత్త వీపు వెనుక నిలబడి రెండు చేతులతో గొలుసులు పట్టుకుంది. కట్టమ్మ జుట్టు ఆమె వేళ్ళకు తగులుతోంది. ఎడమ మడమ సలుపుతుంటే బరువంతా కుడి కాలి మీద వేసింది.

చివరి ముద్ద పడింది. కాంటా కర్ర నిదానంగా సమానమైంది. ఆడవాళ్ళు ఒక్కసారిగా పూనకం వచ్చినట్టు శిగమూగి కేకలు పెట్టారు. కట్టమ్మ దిగడానికి కుడి కాలు నేల మీదికి చాపి, ఎడమ కాలి మునివేళ్ళు పలక అంచున ఆనించి లేచింది.

"అత్తమ్మా, ఆగున్రి," అంది అరుణ. కేకల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

ఠప్పున చప్పుడైంది. ఎండిన వెదురు విరిచినట్టు.

అందరి తలలూ పైకి లేచాయి. కాంటా గొలుసు తెగిందనుకున్నారు. గొలుసులన్నీ పదిలంగా ఉన్నాయి. బెల్లం పలక కిందికి జారి నేలకు ఆనింది. ఖాళీ పలక ఒకటే గాలిలో ఊగుతోంది.

కట్టమ్మ పడలేదు. అరవలేదు. కుడి కాలి మీద నిలబడి, ఒక చేత్తో గొలుసు పట్టుకుని, మెల్లగా వెనక్కి తిరిగింది. ఆ ముఖంలో నొప్పి లేదు. బడిలో చేయని తప్పుకు దెబ్బ తిన్న పిల్ల ముఖంలా ఉంది.

వెనుక ఖాళీ లేదు. అరుణ ఉంది.

"ఎందుకు తన్నినవ్ బిడ్డా?"

కేకలు ఆగిపోయాయి. రాయమల్లు చేతిలో బెల్లపు పొడి అట్లాగే ఉంది. సారంగపాణి తల్లి వంక చూసి, భార్య వంక చూశాడు. ఆదివారం గడప దగ్గర ఆమె అన్న మాట ఇప్పుడు అందరి కళ్ళలో ఒకేసారి మెదిలింది.

అరుణకు కాజీపేట కూలి గుర్తొచ్చాడు. అది చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. సూది అనే మాట నాలుక చివరికి వచ్చింది. నిన్న చెప్పి ఉంటే అది నిజం. ఇప్పుడు చెబితే సాకు.

జనం చూపులన్నీ కిందికి దిగుతున్నాయి. వాటితో పాటు ఆమె కూడా కిందికి చూసింది.

తన ఎడమ కాలు ముందుకు చాపి ఉంది, అత్త మడమకు జానెడు దూరంలో. దాన్ని ఎప్పుడు చాపిందో ఆమెకు గుర్తు లేదు. అందులో నొప్పి కూడా లేదు.